కొండముచ్చు దించిన చక్రాలు

ఏడుమడుగుల అడవిలో కొండముచ్చులు, ముళ్ళపందులు, జింకలు, దేవాంగపిల్లులు ఉండేవి. ఆ అడవికంతటికీ ఒక చిన్న విమానం ఉండేది. వానాకాలంలో జాలేరు పొంగితే, అవతలి గట్టున ఉన్న ముంగిస వైద్యుడి దగ్గరకు వెళ్ళడానికి అదొక్కటే దారి.

విమానం గాలిలోకి లేవగానే దాని చక్రాలు పొట్టలోకి ముడుచుకునేవి. నేలకు దిగే ముందు నడిపేవారు ఒక పిడి లాగి వాటిని దించాలి. దాని పక్కనే అచ్చం అలాంటిదే మరో పిడి ఉండేది. దాన్ని లాగితే రెక్కల అంచులు వంగి వేగం తగ్గేది.

విమానం నడపడం ఇద్దరికే వచ్చు. ఒకరు దేవాంగపిల్లి నిదానమ్మ. ఆమె దిగే ముందు ప్రతిసారీ పిడిని చేత్తో తడిమి, "ఇది చక్రాల పిడి. లాగాను. పచ్చదీపం వెలిగింది. చక్రాలు దిగాయి" అని పైకి చెప్పుకునేది.

రెండోవాడు కొండముచ్చు చెంగల్రాయుడు. అతడికి అది నవ్వులాట.

"ఇంకా బడిపిల్లలా వల్లె వేస్తావేం నిదానమ్మా? నా చేతికే అన్నీ తెలుసు!" అనేవాడు.

ఒక వానాకాలం ముళ్ళపంది సూదమ్మకు గొంతు వాచిపోయింది. మాట పడిపోయింది. మంచినీళ్ళు కూడా మింగుడుపడలేదు. ఆ రోజు నిదానమ్మ జ్వరంతో పడుకుని ఉంది. చెంగల్రాయుడే సూదమ్మను వెనక సీటులో కూర్చోబెట్టుకుని బయలుదేరాడు.

ఏరు దాటారు. అవతలి మైదానం కనబడింది. అంతలో గద్దల గుంపొకటి అడ్డం వచ్చింది. చెంగల్రాయుడు విమానాన్ని చటుక్కున పక్కకు తిప్పి, మళ్ళీ దారిలో పెట్టాడు. కళ్ళు గద్దల మీదే ఉంచి, చెయ్యి చాచి ఒక పిడి లాగాడు. విమానం నెమ్మదించింది.

వెంటనే లోపల "కూ... కూ..." అని మోత మొదలైంది.

"ఇదేం గోల? సూదమ్మత్తా, మూలుగుతున్నది నువ్వేనా?" అన్నాడు చెంగల్రాయుడు.

సూదమ్మ కాదన్నట్టు తల ఊపింది. ఆమె ఇంతకు ముందు నిదానమ్మతో వెళ్ళింది. అప్పుడు ఈ కూత లేదు. అప్పుడు వెలిగిన పచ్చదీపం ఇప్పుడు లేదు. చెబుదామంటే గొంతు పెగలదు. ముందు సీటును దబదబా కొట్టి, వేలితో కిందికి చూపించింది.

"అవునత్తా, దిగుతున్నాం. కంగారుపడకు."

ఆమె మళ్ళీ కిందికే చూపించింది.

"కిందేముంది? ఏరా? ఎప్పుడో దాటేశాంగా!"

మోత ఆగలేదు. చెంగల్రాయుడికి బుర్ర తిరిగిపోయింది. 'చక్రాలు దించానా? దించాను. ఈ చేత్తోనే దించాను. మరి ఈ కూత దేనికి? వాననీళ్ళు లోపలికి పోయి పాడైందేమో!' అనుకున్నాడు. ఆ కూత ఎక్కణ్ణుంచి వస్తోందా అని అటూ ఇటూ వెతుకుతుండగానే నేల వచ్చేసింది.

విమానం పొట్ట నేలకు ఈడ్చుకుంటూ పోయింది. ముందున్న పంకా వంకర్లు పోయింది. విమానం ఆగిన కుదుపుకు సూదమ్మ ముందుకు తూలింది. ఆమె ముళ్ళు సీటును చీల్చుకుని చెంగల్రాయుడి వీపులో దిగబడ్డాయి. అతడు కెవ్వుమన్నాడు.

ముంగిస వైద్యుడు పరుగున వచ్చి సూదమ్మను తీసుకెళ్ళి మందు వేశాడు. వైద్యుడి వెనకే ఆ గట్టున ఉండే ఏనుగు భద్రయ్య, కుందేళ్ళు విమానం దగ్గరకు చేరుకున్నారు.

"ఏమైంది నాయనా?" అని అడిగాడు భద్రయ్య.

"చక్రాలు విరిగిపోయాయి తాతా! మీ మైదానం నిండా రాళ్ళే. ఇక్కడే ఎక్కడో పడి ఉంటాయి, వెతకండి!"

అందరూ గడ్డిలో వెతికారు. ఎవరికీ ఏమీ దొరకలేదు. "ఏట్లోకి దొర్లిపోయాయేమో" అంది ఒక కుందేలు. ఇంకో కుందేలు పెద్ద పుట్టగొడుగు తెచ్చి, "ఇదేనా?" అని అడిగింది. ఒక్క రాయి కూడా కనబడలేదు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

చివరికి భద్రయ్య విమానాన్ని తొండంతో ఎత్తి పట్టుకున్నాడు. "నేను లాగిన పిడి లాగినట్టే ఉంటుంది, చూడండి!" అంటూ చెంగల్రాయుడు లోపలికి ఎక్కాడు.

కిందికి లాగి ఉన్నది రెక్కల పిడి. చక్రాల పిడి పైనే ఉంది. ఆ కూత చక్రాలు దించలేదని చేసిన హెచ్చరిక.

అతడు నమ్మలేక దాన్ని లాగాడు. పొట్టలోంచి చక్రాలు టప్పున దిగాయి. వాటికి బురద కూడా అంటలేదు. లోపల పచ్చదీపం వెలిగింది. కుందేలు పుట్టగొడుగును మెల్లగా కింద పెట్టింది.

ఆ వానాకాలమంతా విమానం కదల్లేదు. ఏడుమడుగుల అడవిలో జబ్బుపడిన జింకలు వైద్యుడి కోసం ఏటి వైపు చూస్తూ మూలిగాయి. వరద తగ్గాక నిదానమ్మ పంకా బాగుచేసే వడ్రంగిపిట్టను వెంటబెట్టుకుని వచ్చింది. చెంగల్రాయుడు తల దించుకుని నిలబడ్డాడు.

"నిదానమ్మా, ఒక్క సంగతి అర్థం కావడం లేదు. చక్రాలు దించినట్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. అబద్ధం కాదు, నిజంగానే గుర్తుంది!"

"అది అంతకు ముందెప్పుడో దించిన గుర్తు" అంది నిదానమ్మ. "నాకూ రోజూ అలాగే గుర్తుంటుంది చెంగల్రాయుడూ. అందుకే నా గుర్తును నేను నమ్మను. దీపాన్ని చూస్తాను."

అప్పటికి సూదమ్మకు గొంతు నయమైంది. పంకా బాగయ్యాక ఆమె వచ్చి నిదానమ్మ వెనక సీటులో కూర్చుంది. చెంగల్రాయుడు వరద తగ్గిన ఏరు నడిచి దాటి ఇంటికి వెళ్ళాడు.

నీతి: చేశానన్న గుర్తు చేసిన పని కాదు. ఎంత అలవాటైన పనినైనా కళ్ళారా సరిచూసుకోవాలి.