బావిలో పడ్డ మబ్బుపిల్ల

అనగనగా ఒక కొండకొమ్మున ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో అందరూ పొగమంచుతో తాళ్ళు పేనేవాళ్ళు. నవ్వుతావేమే, నిజంగానే! పొద్దున్నే మంచు గుమ్మాల్లోకి వచ్చేదా, ఆడవాళ్ళు దాన్ని కుండల్లోకి ఎత్తి మూతలు పెట్టుకునేవాళ్ళు. మబ్బులు ఆ కొండ మీదే ఆగి కునుకు తీసేవి. అవి గాలికి కొట్టుకుపోకుండా కట్టెయ్యాలంటే మామూలు తాడు పనికిరాదు. మంచుతాడే కావాలి.

ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒక పిల్ల. నీ అంతే ఉంటుంది. తాడు పేనడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. ఆ సంగతి దానికీ బాగా తెలుసులే, కాస్త గొప్పలు పోయేది.

ఒకనాడు పొద్దు వాలబోతుండగా ఓ మబ్బుపిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ పాతబావిలో పడిపోయింది. తల్లిమబ్బు బావి చుట్టూ తిరుగుతూ ఒకటే ఏడుపు. "చీకటి పడేలోగా నా బిడ్డని తియ్యండమ్మా! లేకపోతే అది నీళ్ళయిపోతుంది" అంది. కన్నతల్లి కదూ, దాని ప్రాణం ఎలా ఉంటుంది చెప్పు!

ఆ బావేమో అడుగు కనిపించనంత లోతు. మంచుతాడుకేమో అతుకు నిలవదు. ఎంత కావాలో ముందే తెలుసుకుని ఒకేసారి పేనాలి. పొట్టిదైతే అందదు. పొడుగైపోయి నీళ్ళకి తగిలిందా, పంచదార చిలకలా కరిగిపోతుంది.

బావి తవ్వినవాళ్ళు కొండ అవతలి వాళ్ళు. వాళ్ళు లోతు తెలియడానికి గట్టు మీద ఒక దారం కట్టి పోయారు. దారానికి ముందు రెండు ముళ్ళు, కాస్త ఎడంగా మూడు ముళ్ళు, చివర నాలుగు కడియాలు. ముడికి ఒక బార లెక్క. కడియాలు ఎన్నుంటే అన్నిసార్లు.

"ఇంతేనా!" అంది గవరమ్మ. వాళ్ళ ఊళ్ళో కడియాలు పక్కనున్న ముళ్ళకే చెల్లుతాయి. మూడు నాలుగులు పన్నెండు, దానికి రెండు కలిపితే పద్నాలుగు. పద్నాలుగు బారలు పేని వదిలింది. తాడు లోపల గాలిలో ఊగుతూ ఉండిపోయింది. మబ్బుపిల్లకి అందనే లేదు.

అప్పుడు దాని మేనమామ ఎర్నాయుడు వచ్చాడు. "ఓసి వెర్రిదానా, అన్నీ హెచ్చవెయ్యాలే! రెండు మూళ్ళు ఆరు, ఆరు నాలుగులు ఇరవై నాలుగు" అన్నాడు. సరేనని ఇరవై నాలుగు బారలు పేనారు. మామ మొత్తం జారవిడిచాడు. చివర నీళ్ళకి తగిలింది. అంతే, తాడు తాడంతా కరిగి మామకి తడిచేతులే మిగిలాయి.

ఆ తర్వాత చూస్తే ఊళ్ళో ఒక్క తాడుకి సరిపడా మంచే మిగిలింది. సూర్యుడు కొండ అంచు మీద కూర్చున్నాడు. గట్టు మీద జనమంతా పద్నాలుగని కొందరు, ఇరవై నాలుగని కొందరు, ఒకటే గొడవ. గవరమ్మకి భయమేసింది. గొప్పలన్నీ ఎటు పోయాయో ఏమో! బావి మీదికి వంగి, మెల్లగా పిలిచింది.

"చిన్నీ, పడుతున్నప్పుడు నీకేం కనిపించిందమ్మా?"

కింద నుంచి నిద్రమాటలా సన్నని గొంతు వచ్చింది. "ఇటుకలు, రాళ్ళు, అరుగు. ఇటుకలు, రాళ్ళు, అరుగు. మళ్ళీ ఇటుకలు, రాళ్ళు, అరుగు. మళ్ళీ ఇటుకలు, రాళ్ళు, ఇదిగో ఈ అరుగు మీదే కూర్చున్నా అక్కా."

గవరమ్మ వంగి, ఇంకా లోపల వేలాడుతున్న మొదటి తాడుతో పైవరస కొలిచి చూసింది. ఇటుకలు రెండు బారలు, రాళ్ళు మూడు బారలు. అవి రెండూ కలిస్తేనే ఒక అంతస్తు! ముందు కలపాలి, ఆ తర్వాతే నాలుగుసార్లు. ఐదు నాలుగులు ఇరవై.

అప్పుడు గవరమ్మ వేళ్ళు ఎలా ఆడాయనుకున్నావ్! ఇరవై బారలు పేని, ఊపిరి బిగబట్టి వదిలింది. తాడు సరిగ్గా అరుగు దగ్గర ఆగింది. మబ్బుపిల్ల దాన్ని వాటేసుకుంది. మెల్లమెల్లగా, తెల్లతెల్లగా పైకి తేలి వచ్చింది. అది గట్టెక్కాకే సూర్యుడు దిగిపోయాడు.

గవరమ్మ ఆ దారం తీసుకుని, రెండు ముళ్ళనీ మూడు ముళ్ళనీ కలిపి చుట్టూ ఒక ఎర్రనూలు చుట్టింది. ఇక ఎవరు చూసినా అవి రెండూ ఒకటేనని తెలుస్తుంది.

తల్లి ఒళ్ళో దూరబోతూ మబ్బుపిల్ల వెనక్కి చూసింది. "నన్ను ముందే అడిగితే చెప్పేదాన్నిగా అక్కా, ఎవ్వరూ అడగలేదు" అంది. గవరమ్మకి ఏడుపు ఆగలేదు. దాన్ని గుండెకి హత్తుకుంది. లంగా జాకెట్టూ తడిసి ముద్దయినా వదల్లేదు.

కథమ్మ కంచికి చేరింది,
మనకూ ఇల్లు కనపడింది,
మబ్బుకి అమ్మ ఒడి దొరికింది,
నా తల్లికి నిద్దర కమ్మింది.