బండ వెనక మే పువ్వు

అనగనగా ఊరి చివర మొరం నేలలో ఒక ఇల్లు. ఆ ఇంటి ప్రహరీ మీద ఒక తొండ. ఆ తొండకి తప్ప లోకంలో మరెవరికీ తెలియని నిజం ఒకటుంది. ఎస్తేరు టీచరమ్మ నమ్మి అప్పజెప్పిన మే పువ్వు దుంపని, ఆ ఇంటి సౌదామిని తన చేతులతోనే పారేసింది. ఆ మాట ఆమె చాన్నాళ్ళు పైకి అనలేదు.

సౌదామిని ఒకచోట నిలవని పిల్ల. జాకెట్లు కుట్టడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. సైకిలు తొక్కడమూ అంతే, మొక్కలు పెంచడమూ అంతే. అందుకే ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసులెండి" అనేది.

పక్కింటి టీచరమ్మకి బదిలీ అయింది. వెళ్ళేనాడు కుండీ తెచ్చి సౌదామిని చేతిలో పెట్టింది.

"మా అమ్మ నాటిన దుంప ఇది, అమ్మాయ్. అక్కడ మాది మూడో అంతస్తు, ఎండ పొడ తగలదు. ఏడాదికి ఒక్కసారే, మే నెలలో పూస్తుంది. పూసిన పొద్దున నాకు ఫోన్ చెయ్యి. ఇంకో మాట, దీపావళి దాటాక..."

"నాకు తెలుసులెండి టీచరమ్మా!"

టీచరమ్మ నవ్వి ఆటో ఎక్కింది.

దీపావళి దాటింది. ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. వాలాయి. ఎండి రాలిపోయాయి. సౌదామిని కంగారుపడి పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు పోసింది. ఎన్ని పోసినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. దుంప చచ్చిందనుకుంది. పెరట్లో బట్టలుతికే బండ వెనక, మొరం కుప్ప మీద, కుండీ మట్టితో సహా గుమ్మరించేసింది.

"ఎవరూ చూడలేదు," అనుకుంది.

గోడ మీద తొండ తల ఊపింది.

ఖాళీ కుండీ చూస్తే కంట్లో నలుసు పడ్డట్టుండేది. నర్సరీకి పరుగెత్తి ఊటీ గులాబీ తెచ్చింది. ఆ వారమే ఫోన్ మోగింది.

"మా దుంప ఎలా ఉంది, అమ్మాయ్?"

"బ్రహ్మాండంగా ఉంది టీచరమ్మా."

తొండ తల ఊపింది. నెల తిరక్కుండా గులాబీ మాడిపోయింది.

పుష్యమాసంలో డాలియా తెచ్చింది. విస్తరంత పువ్వు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మళ్ళీ ఫోన్.

"ఇప్పుడెలా ఉంది?"

"గంపెడు ఆకులేసింది టీచరమ్మా!"

"ఆకులా? అలాగా తల్లీ," అంది టీచరమ్మ.

తొండ తల ఊపింది. చలి పోయింది, చలితో పాటే డాలియా పోయింది.

ఎండలు ముదిరే వేళకి ఏదో చలిదేశపు నీలిపూల మొక్క తెచ్చింది. అది పదిరోజులు కూడా నిలవలేదు. మూడోసారి ఫోన్ మోగింది. సౌదామిని ఎత్తలేదు. ఆ ఒక్క పిలుపు ఎత్తనందుకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

కోపం తొండ మీదికి మళ్ళింది. "ఊరికే తల ఊపుతావేమే, దిష్టిమొహమా!"

తొండ నోరు విప్పింది. "'తొండ ముదిరితే ఊసరవెల్లి' అని మీ మనుషులే అంటారు. నేను పుట్టినప్పట్నించీ తొండనే. ముదిరింది నీ అబద్ధం, అమ్మాయీ. మొక్కల సంగతీ అంతే. పువ్వు చూసి కొన్నావు, నేలని చూసి కొనలేదు."

సౌదామిని చెప్పు విసిరింది. తొండ తప్పుకుంది.

మే నెల వచ్చింది. గాలి కూడా సెగలు కక్కుతోంది. ఒకనాటి పొద్దున బట్టల బకెట్టుతో బండ దగ్గరికి వెళ్ళిన సౌదామిని అక్కడే నిలబడిపోయింది. మొరం కుప్ప మీద, ఒంటికాడ మీద, కొబ్బరికాయంత ఎర్రటి పువ్వు! ఆకు లేదు. నీళ్ళు పోసిన చెయ్యి లేదు. చచ్చిందనుకున్న దుంప ఇన్నాళ్ళూ నిద్రపోయింది, అంతే.

తొండ బండెక్కి కూర్చుంది. "నీ పంట పండింది. మెల్లగా కుండీలోకి ఎత్తు, ఫొటో తీసి పంపు. పారేశావని చూసిందెవరు? నేను. నేను ఫోన్ చెయ్యనుగా!"

సౌదామిని కుండీ తెచ్చింది. పువ్వు వైపు చెయ్యి చాచింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు. ఇదొక్కటీ నిజంగా బతికింది. దీన్ని కూడా అబద్ధం చెయ్యలేను."

ఈసారి తొండ తల ఊపలేదు. "అయితే ఇంకోటి విను. చలికాలంలో ఈ దుంపకి ఆకు ఉండదు. నువ్వేమో గంపెడు ఆకులన్నావు. నీ అబద్ధం ఆవిడకి ఆనాడే తెలిసింది."

సౌదామిని కుండీ కింద పెట్టేసింది. "తెలిసీ మళ్ళీ ఎందుకు ఫోన్ చేసింది?"

"దుంప కోసం కాదేమోలే," అని తొండ నీడలోకి జారుకుంది.

ఆనాడు వినకుండా తెంచేసిన మాట సౌదామినికి గుర్తొచ్చింది. దీపావళి దాటాక ఏమిటో ఈసారి చివరిదాకా వినాలి. ఈ మొరం నేలలో ఇంకేవి నిలుస్తాయో కూడా అడగాలి. కానీ అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది.

చేతి మట్టి చున్నీకి తుడుచుకుని, టీచరమ్మకి చెయ్యడానికి ఫోన్ తీసింది.

ఆకు రాలిందని దుంప చావదు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన చెలిమీ చావదు.