అక్క ఎక్కని కారు

మా చినకొమరవరంలో గవర్రాజు అనే ఆయన ఉండేవాడు. మంచివాడే గానీ, తన వస్తువులో లోపం ఉందంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఆయన గొడుగు కారితే తప్పు వానది. ఆయన గడియారం వెనకబడితే తప్పు బస్సుది. ఈ సంగతి అందరికీ తెలుసు కనుక ఆయన ముందు ఎవరూ ఏమీ అనేవారు కాదు. వెనక మాత్రం తీరిగ్గా అనుకునేవాళ్ళం.

గవర్రాజుది కొబ్బరికాయల వ్యాపారం. ఆయనకు ఒక చిన్న కారు ఉండేది. దానికి చక్రాలు మరీ చిన్నవిగా ఉన్నాయని ఒకరోజు ఆయనకు తోచింది. పట్నం వెళ్ళి, వెండి పళ్ళేల్లా మెరిసే పెద్ద చక్రాలూ, వాటి మీద వెడల్పాటి టైర్లూ వేయించుకుని వచ్చాడు. నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టిన పిల్లాడిలా ఉంది ఆ కారు. మేమంతా బాగుందనే అన్నాం. ఊళ్ళో శాంతి ముఖ్యం కదా.

ఒక్కడే నడిపినంతసేపు పేచీ లేదు. వెనక సీట్లో ఎవరైనా కూర్చున్నాక కారు గుంతలో పడితే మాత్రం, వెనక టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుని గర్రుమనేది.

మొదటిసారి సత్యం మాస్టారు ఎక్కినప్పుడు మోగింది.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?" అన్నాడు మాస్టారు.

"మీరు కదలకుండా కూర్చోండి మాస్టారూ, అదే పోతుంది" అన్నాడు గవర్రాజు.

మాస్టారు ఉద్యోగమంతా పిల్లలకు ఆ మాటే చెబుతూ గడిపిన మనిషి. అది తిరిగి తనకే చెప్పేసరికి, మర్నాటి నుంచి సైకిలు తొక్కడం మొదలుపెట్టాడు.

చప్పుడు పోలేదు. గవర్రాజు కారును మెకానిక్ మస్తాన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక్కడే వెళ్ళాడు. మస్తాన్ టీ తాగితే గానీ పని మొదలుపెట్టడు, మొదలుపెట్టాక మళ్ళీ టీ తాగుతాడు. ఆ రెండు టీల మధ్య మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి చూశాడు.

"ఖాళీ బండికి ఏమీ తగలట్లేదండీ. వెనక మనుషుల్ని ఎక్కించి తీసుకురండి, అప్పుడు ఎక్కడ రాసుకుంటుందో చూద్దాం" అన్నాడు.

ఇందులో మొదటి మాట మాత్రమే గవర్రాజు చెవికెక్కింది. ఊళ్ళోకి వస్తూనే, "విన్నారా? కారులో ఏమీ లేదని మస్తానే చెప్పాడు. మనుషులే బరువెక్కిపోయారు" అని చాటించాడు.

అప్పటి నుంచి ఎవరైనా కారెక్కబోతే వాళ్ళను కింద నుంచి పైదాకా చూసేవాడు, కాయ ముదిరిందో లేదో చూసినట్టు. సన్నవాళ్ళకు తలుపు తీసేవాడు. తక్కినవాళ్ళతో, "అబ్బే, నేను అటు వెళ్ళడం లేదు" అనేవాడు. డాక్టరు చెప్పినా వినని వాళ్ళు కొందరు మా ఊళ్ళో పొద్దున్నే నడక మొదలుపెట్టారు. గవర్రాజు వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటి.

ఇంతవరకూ నవ్వులాటే. తరవాత సంగతి అక్కది.

గవర్రాజుకు మాణిక్యం అనే అక్క ఉండేది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. లావుపాటి మనిషి. ఆ మాట అనడానికి మేమేం భయపడం, మాకంటే ముందు ఆవిడే అనేది. "నేను కూర్చుంటానంటే కుర్చీలు దేవుడికి మొక్కుకుంటాయి" అని తనే నవ్వేది.

మాణిక్యం కూతురు హేమకు కాలవ అవతలి ఊళ్ళో అత్తవారిల్లు. అక్కడ హేమకు సీమంతం పెట్టుకున్నారు. "మామయ్య కారులోనే దిగాలమ్మా, మా అత్తగారితో చెప్పేశాను" అంది హేమ ఫోన్లో. మాణిక్యం ఆ సంగతి వీధి వీధికీ చెప్పింది. తమ్ముడి కారులో కూతురి గుమ్మం ముందు దిగడం కంటే ఆవిడకు వేరే కోరిక లేదు.

ముందురోజు సాయంత్రం గవర్రాజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, రేపు నువ్వు ఆటోలో వచ్చెయ్. సారె నేను కారులో తెస్తాను."

"అదేంట్రా? కారులో చోటు లేదా?"

"చోటుందక్కా. వెనక టైరు కొంచెం రాసుకుంటోంది. నువ్వెక్కితే మరీ..."

మాణిక్యం చలిమిడి కలుపుతోంది. చెయ్యి ఆగిపోయింది. తన లావు మీద ఎప్పుడూ తనే ముందు నవ్వే మనిషి, ఆ పూట నవ్వలేదు.

"అలాగేలేరా" అంది, తల ఎత్తకుండా.

ఆ గొంతు విన్న పక్కింటివాళ్ళకు కూడా అన్నం సహించలేదు. గవర్రాజు మాత్రం పని తేలిగ్గా అయిపోయిందనుకుని ఇంటికి పోయాడు.

తెల్లవారాక కారు వెనక సీటంతా సారె సర్దాడు. చలిమిడి బిందె, లడ్డూల బుట్టలు, అరటిగెలలు, మేనమామ హోదాకు తగ్గట్టు ఒక బస్తా కొబ్బరికాయలు. భార్య ముందురోజే బస్సులో వెళ్ళిపోయింది. ఆవిడ అనుభవం ఉన్న మనిషి.

కాలవ వంతెన ఎక్కేసరికి గర్రుమంది. దిగేసరికి ఇంకా గట్టిగా గర్రుమంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఆ వెంటనే ఢామ్మని టైరు పేలింది. దిగి చూస్తే, మడ్‌గార్డు అంచు టైరును కత్తితో కోసినట్టు కోసేసింది. స్టెప్నీ ఉండాల్సిన చోట ఆయన పెద్ద స్పీకరు పెట్టించాడు. పాటలు చక్కగా వస్తున్నాయి.

అంతలో వెనక నుంచి మాణిక్యం ఆటో వచ్చి ఆగింది. ఆవిడ తల బయటపెట్టి కారు వంకా, టైరు వంకా, తమ్ముడి వంకా చూసింది.

"నేను ఎక్కలేదు కదరా."

"లేదక్కా."

"మరి ఎందుకు రాసుకుంది?"

గవర్రాజు అరటిగెలల వంక చూశాడు. తప్పు వాటి మీదికి తోసేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాడని మా అనుమానం. తరవాత తల దించుకున్నాడు.

"కారులోనే ఉందక్కా లోపం. మస్తాన్ మనుషుల్ని ఎక్కించి తెమ్మంటే నేనే తీసుకెళ్ళలేదు. ఊరికే నిన్ను మాటన్నాను" అన్నాడు. ఆయన నోట అలాంటి మాట మా ఊళ్ళో ఎవరూ విని ఉండలేదు. ఆటోవాడు చెబితే మేము మొదట నమ్మలేదు.

మాణిక్యం కొంగుతో ఒకసారి ముఖం తుడుచుకుంది.

"వేళ దాటిపోతోంది. ముందు ఆ బిందె ఇటియ్యి. బుట్టలు కాళ్ళ దగ్గర పెట్టు. నువ్వూ ఎక్కు."

"నాకు చోటెక్కడిది అక్కా?"

"నేను జరుగుతాను కదరా!"

ఆవిడ జరిగింది. అందులో అంత చోటు ఎలా వచ్చిందో ఆటోవాడికి ఇప్పటికీ తెలియదు. కొబ్బరికాయల బస్తా కారులోనే ఉండిపోయింది, తమ్ముడు మాత్రం ఉండిపోలేదు. సీమంతం వేళకు అందరూ చేరారు. చలిమిడి బిందె ఒళ్ళో పెట్టుకుని ఆటోలోంచి దిగుతున్న మేనమామను చూసి హేమ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వింది గానీ, వీధి చివరిదాకా కారు కోసం ఒకసారి చూసింది. అది అక్కా చూసింది, తమ్ముడూ చూశాడు.

మర్నాడు కొత్త టైరు వేయించి, గవర్రాజు కారును సరాసరి అక్క గుమ్మం ముందు ఆపాడు.

"అక్కా, మస్తాన్ దగ్గరికి నువ్వు రావాలి. నువ్వెక్కితేనే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది."

"పిలుపు బాగుందిరా" అంది మాణిక్యం. అన్నా, మంచి చీర కట్టుకునే వచ్చింది. దారిలో సత్యం మాస్టారిని కూడా బతిమాలి ఎక్కించుకున్నారు.

మస్తాన్ టీ తాగాడు. మడ్‌గార్డు లోపలంతా తడి సుద్ద పూశాడు. మనుషులతో సహా కారును స్పీడుబ్రేకరు మీదుగా తిప్పి తెచ్చాడు. గర్రుమంది. వంగి చూస్తే, పై అంచు దగ్గర ఒక్కచోట సుద్ద చెరిగిపోయి రేకు కనిపిస్తోంది.

"ఇదిగో, ఇక్కడండీ. ఆరోజే ఈవిణ్ణి తెచ్చుంటే టైరు మిగిలేది" అన్నాడు.

ఆ అంచును వేడిచేసి, మెల్లగా లోపలికి మడిచాడు. టైర్లు కూడా ఒక సైజు తగ్గించి వేశాడు. మళ్ళీ అందరూ ఎక్కారు, మళ్ళీ స్పీడుబ్రేకరు దాటారు. చప్పుడు లేదు. మాణిక్యం కావాలనే సీట్లో ఒకసారి ఎగిరి కూర్చుంది. అయినా చప్పుడు లేదు.

"మాస్టారిని ఇంటి దగ్గర దింపి, ఇటునుంచి ఇటే హేమ వాళ్ళింటికి పోనియ్‌రా" అంది.

"సీమంతం నిన్ననే అయిపోయింది కదక్కా?"

"అయితే ఏం? నా కూతురి గుమ్మం ముందు దిగడానికి ముహూర్తం కావాలా?"

గవర్రాజు కారు తిప్పాడు. అక్క వెనక సీట్లో మధ్యగా, దర్జాగా కూర్చుంది. ఆ గుమ్మం ముందు కారు ఆగాక, ఆయనే దిగి వెళ్ళి అక్క వైపు తలుపు తీశాడు.

నీతి: మన లోపం ఎవరి వల్ల బయటపడుతుందో వాళ్ళను దించేస్తే లోపం పోదు, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంటేనే అది ఎక్కడుందో తెలుస్తుంది.