వీధికి పెట్టిన కిటికీలు

నరసాపురంలో మా ఎదురింట్లో గోవిందరాజులు అని ఒకాయన ఉండేవాడు. ఏ వస్తువు కొన్నా అది ఇంట్లోవాళ్ళకి పనికొస్తుందా అని చూసేవాడు కాదు, వీధిలోవాళ్ళు ఏమంటారా అని చూసేవాడు. ఫ్రిజ్ కొంటే వంటింట్లో పెట్టనివ్వలేదు. దారిన పోయేవాళ్ళకి కనబడాలని వీధిగదిలో పెట్టించాడు. ఆయన భార్య మంగతాయారు పాలగిన్నె కోసం రోజుకి పదిసార్లు వంటింట్లోంచి వీధిగదికి నడిచేది. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ అసలు కథ ఫ్రిజ్‌ది కాదు, కిటికీలది.

మంగతాయారు లేసు అల్లేది. మా వైపు ఆడవాళ్ళలో చాలామందికి ఆ పని వచ్చు గాని, ఆవిడ చెయ్యి వేరు. వీధిగది మూల కిటికీ దగ్గర చిన్న ముక్కాలిపీట వేసుకుని, పొద్దున్న వంట అయిన దగ్గర్నుంచి సాయంత్రం నాలుగింటి దాకా అల్లుతూనే ఉండేది. నలభై ఏళ్ళుగా ఆవిడ అల్లినవి ఎక్కడెక్కడికో వెళ్ళాయి. ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు.

ఆ ఏడు హైదరాబాదులో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నామని ఆవిడకి ఉత్తరం వచ్చింది. పెద్ద బల్ల మీద పరిచే లేసు గుడ్డ ఒకటి పంపమన్నారు. దాని పక్కన అల్లినవాళ్ళ పేరు రాసి పెడతారట. ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని మా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, నా పేరు వేస్తారట! మంగతాయారు అని, అచ్చులో!" అంది.

ఆవిడ మొహం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజే పని మొదలుపెట్టింది. మూడు నెలల్లో గుడ్డ చాలా భాగం పూర్తయింది. రెండు మూలలు మిగిలాయి. పంపడానికి ఇంకా నెల గడువుంది.

సరిగ్గా అప్పుడే గోవిందరాజులికి కిటికీలు మార్చాలని బుద్ధిపుట్టింది. పాత చెక్క కిటికీలకి చెదలు పట్టిన మాట నిజమే, మార్చాల్సిందే. ఎవరో చెబితే పాలకొల్లు నుంచి ఏసుబాబు అనే పనివాడు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, "లోపలికి వచ్చి కొలుచుకుంటానండీ" అన్నాడు.

"లోపలెందుకయ్యా? ఇల్లంతా తొక్కేస్తావా? వీధిలోంచే కొలుచుకో!" అన్నాడు గోవిందరాజులు.

"పాత గోడ కదండీ, బయటొక కొలత, లోపలొక కొలత ఉంటుంది. అదీగాక ఏ కిటికీ దగ్గర ఎవరు కూర్చుంటారో, ఏం పని చేసుకుంటారో తెలియాలి కదండీ. ఆ మూల కిటికీ దగ్గర అమ్మగారు ఏదో అల్లుకుంటున్నారు. ఆ కిటికీకి తెల్లద్దం వేసి, రెండు రెక్కలూ పూర్తిగా తెరుచుకునేలా చేస్తే..."

"నా ఇంట్లో ఎవరెక్కడ కూర్చుంటే నీకెందుకోయ్!" అని గోవిందరాజులు కేకలేశాడు. "పనికొచ్చినవాడివి పని చెయ్యి, పెద్దరికం చెయ్యకు!"

"లోపలికి రాకుండా నేను కిటికీ చెయ్యనండి" అన్నాడు ఏసుబాబు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు భీమవరం నుంచి కిషోర్ అనే కుర్రాడు కారులో దిగాడు. మెడకి టై, చేతిలో రంగురంగుల బొమ్మల పుస్తకం. రోడ్డు మీద నిలబడి ఇల్లంతా ఒకసారి చూసి, "అబ్బా, ఈ ఇంటికి నీలం అద్దాలు పడ్డాయంటేనా సార్! దారిన పోయేవాడు ఆగి తల దువ్వుకోవాల్సిందే!" అన్నాడు.

అంతే, మనవాడు పడిపోయాడు. ఆ కుర్రాడు టేపు తీసి బయటినుంచే అన్ని కిటికీలూ పావుగంటలో కొలిచేశాడు.

మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, ఆ మూల కిటికీ ఒక్కదానికైనా మామూలు అద్దం వేయించండి. నాకు వెలుతురు..." అంది.

"ఊరుకోవే! నువ్వు లోపలుండేదానివి, కిటికీలు ఎలా కనబడతాయో నీకేం తెలుసు?" అన్నాడు గోవిందరాజులు.

విన్నారా ఆ మాట? నేను మా అరుగు మీద కూర్చుని ఈ చెవులతో విన్నాను. విని నోరెత్తలేదు, అది నా తప్పు.

పదిరోజుల్లో కిటికీలు వచ్చాయి. ముదురు నీలం అద్దాలు, పక్కకి జరిపే తలుపులు, ఎంత జరిపినా సగమే తెరుచుకుంటాయి. బయటి కొలతకి చేసిన చట్రాలు లోపలి గోడకి అతకలేదు. చుట్టూ వేలెడు సందు మిగిలింది. ఆ సందులో ఏదో నురుగు కొట్టి, పైన పూత పూసి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. వీధి వీధంతా మెచ్చుకుంది. కిషోర్ చెప్పినట్టే దారిన పోయేవాళ్ళు ఆగి తల దువ్వుకున్నారు. నేనూ ఒకసారి మీసం చూసుకున్నాను, సిగ్గులేక.

లోపల మాత్రం పట్టపగలే దీపాలు పెట్టేవేళ అయినట్టుంది. ట్యూబులైటు వేసుకుంటే తెల్లదారం మీద తెల్లదారం, కుట్టు కనబడి చావదు. ఆవిడ లెక్క తప్పేది, విప్పేది, మళ్ళీ అల్లేది. వారం రోజులు కష్టపడితే జానెడు పని కూడా తెమల్లేదు.

తరవాత వాన వచ్చింది. ఏమంత పెద్ద వాన కూడా కాదు. పొద్దున్న ఆవిడ వంటింట్లో ఉండగా ఆ సందులోంచి నీళ్ళు దిగాయి. పాత ఇటుక గోడ కదా, ఎర్రటి నీళ్ళు. కిటికీ కింద బుట్టలో మడిచి పెట్టిన లేసు మీద ధారగా కారాయి. ఆవిడ వచ్చి చూసేసరికి మూడు నెలల పని ఎర్రటి చారలు కట్టి ఉంది.

గోవిందరాజులు కిషోర్‌కి ఫోను చేసి తిట్టడం మొదలుపెట్టాడు. అవతలి నుంచి, "లోపలికి వచ్చి చూడమన్నారా సార్? మీరు అద్దం అడిగారు, అద్దం పెట్టాం" అన్న మాట వినబడింది. గోవిందరాజులు ఫోను పెట్టేశాడు. భార్య వైపు తిరిగి, "అయినా దాన్ని కిటికీ కింద ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు.

అప్పటిదాకా మంగతాయారు గొంతు పెంచగా మా వీధిలో ఎవరూ వినలేదు. ఆ రోజు విన్నాం.

"ఎవరు పెట్టమన్నారా? నలభై ఏళ్ళ నుంచి అక్కడే పెడుతున్నానండీ! మీ కళ్ళకి ఎప్పుడైనా కనబడితే కదా! ఫ్రిజ్ వీధికి, సోఫా వీధికి, కిటికీలు వీధికి! ఈ ఇంట్లో నాకని ఉన్నది ఆ కాస్త వెలుతురు. అదీ పట్టుకెళ్ళి వీధివాళ్ళ మొహాన పెట్టారు!"

వాన వెలవగానే ముక్కాలిపీట, దారం ఉండ, తడిసిన బుట్ట తీసుకుని బయటికొచ్చింది. సరిగ్గా ఆ నీలం అద్దాల కింద, రోడ్డు పక్కన కూర్చుంది. మరక పడిన వరసలు ఒక్కొక్కటే విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. ఆ రోజే కాదు, మర్నాడూ, ఆ మర్నాడూ. లారీ దుమ్ము మీద పడినా లేవలేదు.

ఇక వీధివాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా? "ఇంత షోకైన కిటికీలు పెట్టించి పెళ్ళాన్ని రోడ్డు మీద కూర్చోబెట్టాడేమిటి?" అని కూరగాయల బండివాడి దగ్గర్నుంచి పోస్టుమాస్టరు దాకా అందరూ అడిగారు. ఎవరి మెప్పు కోసం అద్దాలు పెట్టించాడో వాళ్ళే ఆయన్ని చూసి నవ్వారు. గోవిందరాజులు తల వంచుకుని వచ్చి, "లోపలికి రావే, పరువు పోతోంది" అని గొణిగాడు.

"లోపల చీకటిగా ఉందండి" అంది ఆవిడ, తలెత్తకుండా. "మీ వెలుతురంతా వీధిలోనే ఉంది."

గడువు దాటిపోయింది. ఒక మూల మిగిలిపోయింది. హైదరాబాదులో ప్రదర్శన జరిగింది, అయిపోయింది. అందులో మంగతాయారు పేరు లేదు.

ఆ వారమే గోవిందరాజులు పాలకొల్లు వెళ్ళి ఏసుబాబు షెడ్డు ముందు నిలబడ్డాడు. ఏసుబాబు చేతిలో పని ఆపలేదు. "అమ్మగారు రమ్మంటే వస్తానండి" అన్నాడు. ఆవిడ చేతే ఫోను చేయించాల్సి వచ్చింది. ఈసారి ఏసుబాబు లోపలికి వచ్చాడు. ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టి, వెలుతురు చేతుల మీద ఎటునుంచి పడుతోందో చూసి, ఒక్కొక్క కిటికీ లోపలా బయటా కొలిచాడు. తెల్లద్దాల రెక్కలు పెట్టాడు, రెండూ బార్లా తెరుచుకునేవి. వానకి చుక్క నీరు దిగలేదు.

పని అయిన రోజు గోవిందరాజులు భార్య పక్కన నిలబడి, "ఇప్పుడు వెలుతురు సరిపోతోందా?" అని అడిగాడు. పెళ్ళయ్యాక ఆవిణ్ణి ఆయన అలా అడగడం అదే మొదటిసారి.

ఆవిడ సూది ఆపి ఆయన మొహంలోకి చూసింది. "సరిపోతోందండి. కానీ ఈ మాట మీరు నా పేరు పోకముందు అడగాల్సింది" అని మళ్ళీ అల్లుకోసాగింది.

పిల్లలూ, పెద్దలూ, అందరూ వినండి: కిటికీ అయినా, మరే వస్తువైనా, చూసి మెచ్చుకునేవాళ్ళ కోసం కాదు, వాడుకునేవాళ్ళ కోసం, కాబట్టి వాళ్ళని అడగాలి, అదీ కొనకముందే అడగాలి.