గాలి లేని బొరియలో గాలి పాఠం

తుమ్మెదకోన అడవి సంగతి చెబుతున్నాను, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నాకు మిగిలిన ఈ రెండు పళ్లూ ఇక్కడే రాలిపోవాలి. నేను పెంచి చెబుతున్నానని ఎవరైనా అంటే నమ్మకండి. మీరు భయపడతారని తగ్గించే చెబుతున్నాను.

ఆ అడవిలో ముంగిసలు, కుందేళ్లు, దుప్పులు, కొండముచ్చులు ఉండేవి. ఏదుపంది ఒక్కటే ఉండేది. చిలకలు మాత్రం లెక్కలేనన్ని. అవన్నీ ఒక్కసారి ఎగిరితే ఆకాశం పచ్చబడిపోయేది. అది చూసి మేత అనుకుని అడవిదున్నలు తలలు పైకెత్తి నోళ్లు తెరిచేవి.

ఇప్పచెట్ల నడుమ ఒక బయలు ఉంది. అదే పిల్లల బడి. పాఠాలు చెప్పేది ఏదుపంది మేష్టారు. బడికి పెద్ద మాత్రం కొమ్ములయ్య అనే దుప్పి. ఆయనకు పాఠాలు రావు. కొమ్ములున్నాయి. ఆ కొమ్ములు ఎంత ఎత్తంటే, గద్దలు వాటిని తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్లేవి. అంత కొమ్ములున్నవాడికి తెలివి కూడా అంతే ఉంటుందని అడవి అనుకుంది. ఆయనైతే అనుకోవడం కూడా లేదు, తేల్చేసుకున్నాడు.

బడిలో అన్నిటికంటే పెద్దది గాలి పాఠం. ఏటా తొలకరి వానతో పాటే రేచుకుక్కలు కొండ దిగి వచ్చేవి. గుంపు కట్టి వేటాడే అడవి కుక్కలు అవి. అవి వచ్చేలోగా ప్రతి పిల్లా ముక్కు తడుపుకోవడం, గాలికి ఎదురు తిరగడం, వాసన ఎటు నుంచి వస్తోందో పట్టి పక్కకు పరుగెత్తడం నేర్చుకోవాలి. నేర్చుకోని పిల్లకు వానాకాలం గడవదు.

ఆ ఏడు ఎండలతో పాటే దగ్గు జబ్బు వచ్చింది. అలాంటి దగ్గు మీరు విని ఉండరు. ఏనుగు ఒకసారి దగ్గితే ఈ కొండ మీది మబ్బు ఆ కొండ మీదికి జరిగింది. పిల్లలకు వస్తే ఇట్టే తగ్గిపోయేది. ముసలివాళ్లకు వస్తే మాత్రం తగ్గేది కాదు. కుందేళ్ల ఇంట్లో తాత పోయాడు. బడి మూసేశారు.

కొన్నాళ్లకు కొమ్ములయ్య బండ ఎక్కి ఒక ప్రకటన చేశాడు. ఆ ప్రసంగం ఎంతసేపు సాగిందంటే, అది మొదలైనప్పుడు పూతలో ఉన్న నేరేడు, అది ముగిసేసరికి కాయలు రాల్చింది. అంత మాటల్లోనూ ఉన్న విషయం మాత్రం చిన్నదే. ఇకనుంచి రెండు బడులు. ఒకటి బయలు బడి. పిల్లలు పాత పద్ధతిలోనే వరసగా, ఒకరినొకరు ఆనుకుని కూర్చోవాలి. రెండోది చిలకల బడి. మేష్టారు చెప్పింది చిలకలు మోసుకెళ్లి ఇంటింటి ముందు పలుకుతాయి, పిల్లలు బొరియలు దాటకుండా వినాలి. ప్రతి ఇల్లూ పొద్దు వాలేలోగా ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నాక చలికాలం దాకా మారడానికి లేదు.

ఎర్రమ్మ అనే ముంగిస అక్కడే ఉంది. ఆమెకు గిలక అని ఒక్కతే కూతురు. ఇంట్లో ముసలి అత్తగారు. ఆవిడ ఊపిరి ఎండాకాలంలో కూడా పాత గిలకలా కీచుమనేది. అందుకే మనవరాలికి ఆ పేరు పెట్టారని కొందరు అనేవారు, ఆ మాట నేను అనలేదు. పిల్లను బయలుకు పంపితే దగ్గు ఇంటికొస్తుంది, అత్తగారు పోతుంది. పంపకపోతే గాలి పాఠం రాదు, తొలకరికి పిల్ల పోతుంది. రెండిట్లో ఏది కోల్పోతావో నువ్వే ఎంచుకోమన్నట్టుంది ఆ మాట.

ఎర్రమ్మకు తోక నిక్కబొడుచుకుంది.

"అయ్యా, ఇంత అడవి ఉండగా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఎందుకు కూర్చోవాలి? దూరదూరంగా కూర్చోబెట్టొచ్చు కదా," అంది.

"వరస చెడితే బడికి అందమేముంటుందమ్మా? బండ మీది నుంచి చూస్తే చీమలు చెదిరినట్టుంటుంది," అన్నాడు కొమ్ములయ్య.

"పోనీ, మాటల పాఠాలు చిలకలు చెబుతాయి. గాలి పాఠానికి మాత్రం కొద్దికొద్దిమందిని పంపుతాం."

"అటో ఇటో చెప్పు. నడిమి దారి లేదు. ఒక్కో ఇంటికి ఒక్కో పద్ధతి పెడితే ఇక నేనెందుకు?"

ఆ చివరి ప్రశ్న మంచిదే. దానికి జవాబు అక్కడున్న వాళ్లందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే.

ఎర్రమ్మ చిలకల బడే ఎంచుకుంది. అత్తగారిని చంపుకోవడం ఆమె వల్ల కాదు కదా. కుందేలు తల్లి మాత్రం, ఇంట్లో ముసలివాళ్లు ఎటూ మిగల్లేదని కళ్లు తుడుచుకుని పిల్లల్ని బయలుకు పంపింది.

చిలకల బడి సంగతి చెబుతాను వినండి. చిలక వచ్చి గుమ్మం ముందు కొమ్మ మీద వాలేది. "ముక్కు తడుపు, గాలికి తిరుగు" అనేది. అంతలో దానికి పక్కన జామపండు కనిపించేది. అంతే, పాఠం అక్కడే ఆగిపోయేది. పిల్లలు నోళ్లు తెరుచుకుని కూర్చునేవారు. పండు తిని మూతి తుడుచుకుని తిరిగొచ్చి, "పక్కకు పరుగెత్తు" అనేది. నడుమ పోయిన ముక్క అడిగితే మళ్లీ మొదటినుంచి అందుకునేది. పిల్ల వింటోందా, కునుకుతోందా అన్నది దానికి పట్టదు. మేష్టారైతే పిల్లల తోకలు చూసేవాడు. అర్థమైన పిల్ల తోక నిలబడుతుంది, అర్థం కాని పిల్ల తోక వేలాడుతుంది. చిలకకు తోకలు చూసే అలవాటు లేదు.

ఒకరోజు ఎర్రమ్మ తిండికి వెళ్లి వచ్చేసరికి గిలక పాఠం అప్పజెబుతోంది. ఒక్క మాట తప్పు లేదు. "గాలికి తిరుగు" అంటూనే పిల్ల బొరియ గోడకేసి తిరిగి, మట్టికి ముక్కు ఆనించి నిలబడింది.

"అదేమిటే?" అంది తల్లి.

"గాలి ఇదే కదమ్మా?" అంది గిలక.

బొరియలో గాలి ఎక్కడుంటుంది? పుట్టినప్పటినుంచి పిల్ల బయట తిరిగింది కొద్ది రోజులే. చిలక తిరగమంది, పిల్ల తిరిగింది, ఎదురుగా గోడ ఉంది. గాలి అంటే గోడ అనుకుంది. ఎర్రమ్మ పిల్ల ముక్కుకు అంటిన మట్టి తుడిచింది. అడవిలో ఉన్న బొరియలన్నిటిలోనూ పిల్లలు ఇప్పుడు ఇలాగే గోడలకు ముక్కులు ఆనించి నిలబడి ఉంటారు కదా అనుకుంది.

మూల నుంచి అత్తగారు, తనవల్లే ఇదంతా అని, తనను ఏ పుట్టలోనైనా వదిలేసి పిల్లను బడికి పంపమని నసిగింది.

"మీరు నోరు మూసుకుని ఊపిరి పీల్చుకోండి అత్తయ్యా. పోట్లాడాల్సింది మీతో కాదు," అని ఎర్రమ్మ బయల్దేరింది.

ఆమె వెళ్లిన విసురుకు దారిలో గడ్డి కాలిపోయింది. మేష్టారి గుహ ముందు దూరంగా నిలబడి, జరిగిందంతా చెప్పింది. మేష్టారు ముళ్లు వాల్చుకుని విన్నాడు. ఆ సంగతి తనకూ తెలుసన్నాడు. చిలకలతో చెప్పిస్తుంటే తన గొంతు తనకే ఎవరిదో అనిపిస్తోందన్నాడు. కానీ కొమ్ములయ్య ఒప్పుకోడు, బడి నుంచి తీసేస్తాడు అన్నాడు.

"తీసేస్తే మీకు బడి పోతుంది మేష్టారూ. తియ్యకపోతే నాకు పిల్ల పోతుంది. ఏది బరువో మీరే చూడండి," అంది ఎర్రమ్మ.

మేష్టారు ముళ్లు దులుపుకుని వాగు వైపు చూశాడు.

"రోజూ పొద్దున్నే నేను వాగు ఇసుకలోకి నడకకు వెళ్తానమ్మా. నడుస్తూ నాలో నేను మాట్లాడుకునే అలవాటుంది. దాన్ని బడి అని ఎవరూ అనలేరు," అన్నాడు.

మర్నాటి నుంచి వాగు ఇసుకలో గిలక ఒక మూల, ఇద్దరు కొండముచ్చు పిల్లలు మరో మూల. మేష్టారి దగ్గరకు ఎవరూ వెళ్లరు, ముళ్లున్నాయి కదా. ఆయన అవతలి ఒడ్డు నుంచే పిల్లల తోకలు చూసేవాడు. మాటలు చిలకల దగ్గర నేర్చుకున్నారు, గాలి ఇసుకలో నేర్చుకున్నారు. తడి ముక్కుకు మొదటిసారి చల్లగాలి తగిలినప్పుడు గిలక ఎంత ఎత్తు ఎగిరిందంటే, కిందికి దిగేసరికి ఆకలేసింది.

అక్కడ బయలు బడిలో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్న పిల్లలందరూ దగ్గారు. ఇళ్లకు దగ్గు మోసుకెళ్లారు. కొమ్ములయ్య తల్లిదండ్రులదే తప్పన్నాడు, పిల్లల ముక్కులు సరిగా తుడవలేదన్నాడు. బయలు బడి మూసేసి ఇక అందరికీ చిలకలే అన్నాడు. చలికాలం దాకా మారడానికి లేదన్న మాట తనే మింగేసి, ఇది తనకు ఇప్పుడే తట్టిన గొప్ప ఆలోచనలా చెప్పుకున్నాడు. కుందేలు తల్లి అది విని, పళ్లు నూరి, పిల్లల దగ్గు తగ్గాక వాళ్లను వాగు ఇసుకకు తోలుకొచ్చి దూరంగా కూర్చోబెట్టింది.

కొమ్ములయ్యకు ఒక కూతురు, మువ్వ. ఆ పిల్లకు అడవిలోకెల్లా తీపి గొంతున్న చిలకను పెట్టాడు. ఎండ తగలకుండా, గాలి తగలకుండా, దట్టమైన పొదలో కూర్చోబెట్టి చదివించాడు. పిల్ల గొంతు తేనెలా సాగింది.

ఎండలు ముగిసేసరికి దగ్గు తగ్గింది. కొమ్ములయ్య బయలులో సభ పెట్టాడు. పక్క అడవి ఎలుగుబంట్లను పిలిచాడు. తమ పిల్లలు గడప దాటకుండానే పండితులయ్యారని చెప్పుకున్నాడు. మువ్వను బండ ఎక్కించి గాలి పాఠం చెప్పమన్నాడు. మువ్వ మొదలుపెట్టింది. ఎలుగుబంట్లు తలలూపాయి.

తొలి చినుకు అప్పుడే పడింది. ముక్కు తడిసింది. గాలి మళ్లింది. వెనక కూర్చున్న గిలక తోక నిటారుగా లేచింది. ఆమె పక్కన కుందేలు పిల్లలవీ, కొండముచ్చు పిల్లలవీ లేచాయి.

"పెద్దయ్యా, కుక్కలు. తూర్పు నుంచి," అంది గిలక.

"సభ మధ్యలో మాట్లాడకూడదు. కూర్చో," అన్నాడు కొమ్ములయ్య.

ఇసుకలో చదివిన పిల్లలు కూర్చోలేదు. అందర్నీ తోసుకుంటూ, అరుచుకుంటూ పక్కకు, బండల సందుల వైపు పరుగెత్తారు. పెద్దలు వాళ్ల వెనకే పడ్డారు. ఎలుగుబంట్లు అందరికంటే ముందున్నాయి. మువ్వ మాత్రం పాఠం పూర్తి చేసింది. చక్కగా, తప్పు లేకుండా. చివరి మాట అయ్యాక పక్కనున్న ఇప్పచెట్టు మానుకేసి తిరిగి, బెరడుకు ముక్కు ఆనించింది. తర్వాత తూర్పుకే పరుగెత్తింది.

గిలక వెనక్కి తిరిగింది. ఎర్రమ్మ గుండె ఆగింది. నిజంగానే ఆగింది, పక్కనున్న కుందేలు విన్నది. గిలక మువ్వ కాళ్ల సందున దూరి, మడమ పట్టి కొరికి, నొప్పికి గంతేసిన పిల్లను పక్కనున్న బండల వైపు తోలింది. కొమ్ములయ్య కూతురికి అడ్డం పడదామని దూకాడు. ఆయన కొమ్ములు ఇప్పకొమ్మల్లో ఇరుక్కున్నాయి. లాగాడు. కుక్కలు దగ్గరకొచ్చాయి. మళ్లీ లాగాడు. గద్దలు చుట్టూ తిరిగి వెళ్లిన ఆ కొమ్ములు రెండూ మొదలంటా విరిగి చెట్టుకే వేలాడాయి. బోడి తలతో ఆయన బండల్లో పడ్డాడు. కుక్కలు చెట్టుకు వేలాడుతున్న కొమ్ముల్ని చూసి దుప్పి దొరికిందనుకున్నాయి. వానాకాలం సగం ఆ చెట్టు కిందే మొరుగుతూ గడిపాయి.

బండ సందులో మువ్వ వణుకుతోంది. కొమ్ములయ్యకు ఊపిరి అందడం లేదు.

"పాఠం అంతా సరిగ్గా చెప్పావు కదమ్మా. మరి అటెందుకు పరుగెత్తావు?" అన్నాడు.

"గాలి ఎలా ఉంటుందో నాకెవరూ చూపించలేదు నాన్నా," అంది మువ్వ.

అక్కడున్న తల్లులందరూ ఆయనకేసి చూశారు. ఎర్రమ్మ ముందుకొచ్చి గిలక కొరికిన మువ్వ మడమను తుడిచింది.  

కుక్కలు వెళ్లాక అడవి అంతా కలిసి బడిని ఎర్రమ్మకు అప్పగించింది. ఆమె బండ ఎక్కలేదు. ఇంటింటికీ వెళ్లి ఎవరింట్లో ముసలివాళ్లున్నారో, ఏ పిల్లకు ఏ పాఠం రాలేదో అడిగింది. కొమ్ములయ్యకు ఆ మరుసటి ఏడు మళ్లీ కొమ్ములు మొలిచాయి. బడి మాత్రం మళ్లీ చేతికి రాలేదు. మువ్వను రోజూ తనే వాగు ఇసుకకు తీసుకొచ్చి దూరంగా నిలబడేవాడు. గిలక నాయనమ్మ ఆ తర్వాత ఇంకో వందేళ్లు బతికింది. ఊపిరి కీచుమంటూనే ఉండేది, అయినా బతికింది.

నీతి: పిల్ల ప్రాణమూ ఇంట్లో ముసలి ప్రాణమూ తక్కెడలో పెట్టి ఒకటి ఎంచుకోమనేవాడు పెద్ద కాడు, ఇంటిని, పిల్లను, పాఠాన్ని చూసి మూడో దారి వెతికేవాడే పెద్ద. విన్నారుగా. ముందు కూర్చున్న నువ్వు ఇక లే. ఎదురింటి సుశీలమ్మ మనవరాలు దగ్గుతో నాలుగు రోజులుగా బడికి వెళ్లడం లేదు. వెళ్లి వాళ్ల గేటు బయటే నిలబడి ఇవాళ్టి పాఠం చెప్పిరా, చెప్పేసి పరుగెత్తుకొచ్చేయకు, ఆ పిల్ల ముఖం చూసి అర్థమైందో లేదో కనుక్కుని రా.