సన్నాయి మౌలాలి పెట్టిన సంతకం

పొన్నూరులో మౌలాలి అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. పెళ్లిపందిట్లో వేయిమంది ముందు జంకని ఆ మనిషికి, పెద్ద చదువులు చదివినవాళ్ల ఎదుట మాత్రం నోరు పెగిలేది కాదు.

అతని కింది దవడ ఇరుకు. పళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి, తరచూ నాలుక కొరుక్కునేవాడు. భార్య జైనాబీని వెంటబెట్టుకుని గుంటూరులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"దవడ ఎముకను మధ్యలో కోసి స్క్రూ బిగిస్తాం. రోజూ కొంచెం తిప్పుతుంటే ఆ సందులో కొత్త ఎముక పెరుగుతుంది. అంతే," అన్నాడు డాక్టరు.

"పెదవికేమీ కాదు గదండీ? మాకు అన్నం పెట్టేది ఆ పెదవే," అంది జైనాబీ.

డాక్టరు నవ్వాడు. "డాక్టరువి నువ్వా, నేనా?"

ఆ నవ్వుకే మౌలాలి కుంచించుకుపోయాడు. "నువ్వూరుకో! పెద్దాయన్ని అట్టా అడుగుతారా?" అని భార్యను కసిరాడు. ఇంగ్లీషు కాగితం చేతికిస్తే, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. సన్నాయి కొసన పెట్టి ఊదే పీకలు పది పెదవికి ఆనించి చూస్తేగాని ఒకటి ఏరుకోని మనిషి, ఆ పెదవి గురించి ఒక్క మాట అడగలేదు!

దవడ వెడల్పయింది. పళ్లకు చోటు దొరికింది. కాని ఏడు నెలలైనా కింది పెదవికి స్పర్శ రాలేదు. ఒక పెళ్లిలో గట్టిమేళం వేళ పీక ఎక్కడ ఆనిందో తెలియక, గాలి పక్కకు పోయి సన్నాయి కీచుమంది. పందిరంతా నవ్వింది.

మర్నాడే భార్యతో డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"కొందరికి నరం దెబ్బతింటుంది. కాగితంలో రాశాంగా, చదువుకోవద్దూ?" అన్నాడు డాక్టరు తాపీగా.

ఎంత దబాయింపు! చదవలేని కాగితం చేతికిచ్చి, అడిగిన మనిషి నోరు మూయించి, ఇప్పుడు తప్పంతా రోగి మీదికే నెట్టాడు.

మౌలాలికి ఒళ్లు మండిపోయింది. "ఈమె అడిగింది అదే గదయ్యా! మీరు నవ్వారు. బుద్ధిలేక నేనూ ఈమెనే కసిరాను," అని గట్టిగా అరిచి బయటికొచ్చాడు.

వరండాలో దవడ ఆపరేషనుకే వచ్చిన ఒక అమ్మాయి అలాంటి కాగితం మీదే సంతకం పెట్టబోతోంది. "ఆగమ్మా! పెదవి మొద్దుబారుతుందా, పళ్ల కుదుళ్లు దెబ్బతింటాయా, ఎముక అతక్కపోతే ఏం చేస్తారు, కోయకుండా వేరే దారి ఉందా, అన్నీ అడుగు. చెప్పాకే సంతకం పెట్టు," అన్నాడు మౌలాలి.

అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసింది. వరుసలో కూర్చున్నవాళ్లంతా తమ కాగితాలు పట్టుకుని లేచారు. ఆ రోజు డాక్టరు ఒక్కొక్కరికీ తెలుగులో విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మౌలాలి పెదవికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు.

నీతి: మన ఒంటికి కత్తి తగిలేముందు ప్రమాదమేమిటని అడగడం అమర్యాద కాదు, అడిగినా చెప్పకుండా సంతకం పెట్టించుకోవడమే అన్యాయం.