గవరయ్య పీత అడ్డంగా నడిచిన రోజు

ఒకప్పుడు పీతలు కూడా ముక్కుసూటిగా నడిచేవి. పీతకి ముక్కెక్కడిదని నన్నడగకండి. గవరయ్య పీతనైతే అసలే అడగకూడదు, కోపం వచ్చేస్తుంది.

భీమిలి ఒడ్డున నల్లరాళ్ల మధ్య ఒక చిన్న మడుగు. పోటు వచ్చినప్పుడల్లా రాళ్ల సందులోంచి కొత్త నీళ్లు వచ్చి చేరేవి. అందులో ఒక నక్షత్రచేప, అసిరమ్మ అనే బుల్లి చేప, దాని పదకొండుమంది పిల్లలు ఉండేవాళ్లు. అందరికీ పెద్ద గవరయ్య. ఆయన్ని ఎవరు ఎన్నుకున్నారంటారా? ఆయనే.

ఒక ఎండాకాలం పెద్ద కెరటం ఓ రాయిని దొర్లించుకొచ్చి సరిగ్గా ఆ సందులో ఇరికించింది. రెండు పోట్లు వచ్చి పోయాయి. చుక్క నీరు లోపలికి రాలేదు. మడుగు కాగి కాగి సగమైంది.

"పెద్దయ్యా, పిల్లలు నోళ్లు తెరుస్తున్నారు. ఆ రాయి కాస్త తోసెయ్యండి," అంది అసిరమ్మ.

"రాయి సంగతి మా దృష్టికి వచ్చింది. తగిన చర్యలు తీసుకుంటాం," అన్నాడు గవరయ్య.

మధ్యాహ్నానికి చర్య తీసుకున్నాడు. సందులోకి సూటిగా నడిచాడు. వెడల్పాటి వీపు రెండువైపులా రాళ్లకి ఠక్కున కొట్టుకుంది.

"ఈ సందు కట్టినవాడికి బుద్ధి లేదు!"

"పక్కకి తిరిగి వెళ్తే దూరగలరు కదా," అంది నక్షత్రచేప.

"పక్కకా? నేనా? మా ముత్తాతలెవరైనా అలా నడిచారా? అసలు మా వంశం..."

అంతలో అసిరమ్మ కడగొట్టు పిల్ల వెల్లకిలా తేలింది. అసిరమ్మ దాన్ని ముక్కుతో పొడుస్తోంది. అది కదల్లేదు.

గవరయ్య పుట్టాక మొదటిసారి మాట మధ్యలో ఆపాడు. పక్కకి తిరిగాడు. ఒళ్లు గీరుకుపోతున్నా సందులోకి దూరి, రాయిని తోశాడు. తోస్తూనే ఉన్నాడు. సాయంత్రం పోటు వచ్చేవేళకి రాయి కదిలింది. చల్లటి నీళ్లు భళ్లున లోపలికి దూకాయి.

కాసేపటికి కడగొట్టుది తోక ఆడించింది. అసిరమ్మ ఏడ్చిందట. నీళ్లలో చేప ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది!

గవరయ్య బయటికొచ్చాడు. కాళ్లు అలాగే పట్టేశాయి. సూటిగా ఒక్క అడుగు పడలేదు.

"అదేం నడక పెద్దయ్యా?" అంది నక్షత్రచేప.

"పెద్దమనుషుల నడక. నేనే కనిపెట్టాను."

అసిరమ్మ పిల్లల వంక చూసుకుని, "ఎంత హుందాగా ఉందో!" అంది.

ఆ మాట ఒడ్డంతా పాకింది. పెద్దమనుషులు కావాలని ఏ పీతకుండదు?

అప్పటినుంచే పీతలన్నీ అడ్డంగా నడుస్తున్నాయి. పైగా ఆనాటి ఘనకార్యాన్ని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాయి, నోటివెంట నురగ కక్కుతున్నా ఆపకుండా.